జ్ఞానస్నానం కొవ్వొత్తి విరిగితే పారేయకండి, ఇంట్లోనే అతుకుతుంది

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబు జ్ఞానస్నానం రోజు వాడి జ్ఞానతల్లి (గాడ్‌మదర్) చేతిలో వెలిగిన కొవ్వొత్తి అది, అడుగు పొడవు, అంగుళం లావు. తొమ్మిదేళ్లుగా గుడ్డలో చుట్టి దాచారు. హైదరాబాదులో ఇల్లు మారేటప్పుడు పుస్తకాల పెట్టె దాని మీద పడి రెండు చోట్ల విరిగింది. పైన విరిగినచోట వత్తి తెగలేదు, పై ముక్క దానికే వేలాడుతోంది. అడుగు నుంచి నాలుగు వేళ్ల ఎత్తులో విరిగినచోట మాత్రం వత్తి కూడా తెగి కింది ముక్క విడిపోయింది. వచ్చే నెల వాడి మొదటి సత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్) నాడు దీన్నే వెలిగించాలని మీ కోరిక. ఫెవిక్విక్‌తో అంటించాలా, గిన్నెలో వేసి కరిగించి మళ్లీ పోయాలా, బంధువులు చెప్పినట్టు కొత్తది కొనేయాలా అని అడిగారు.

ఈ మూడూ అక్కర్లేదు. మీ కొవ్వొత్తి చక్కగా అతుకుతుంది, చక్కగా వెలుగుతుంది కూడా. నేను 22 ఏళ్లు విజయవాడలో కొవ్వొత్తులు పోశాను, ఇంటి వెనక రేకుల షెడ్డులో, అల్యూమినియం అచ్చులతో. ప్రతి ఫిబ్రవరిలో 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలకు మా దగ్గర నుంచి పెట్టెలు పెట్టెలు వెళ్లేవి. ఆ మూడు రోజుల ముందు రాత్రింబగళ్లు పని. మూటలు కట్టేటప్పుడు, ఆటోలో వేసేటప్పుడు విరిగినవాటిని అతికించడం మా ఇంట్లో పిల్లలకు కూడా వచ్చు. కాబట్టి టెన్షన్ పడకండి. నెల రోజుల సమయం ఉంది, మీకు కావలసింది రెండు సాయంత్రాలు.

పనిలోకి దిగే ముందు ఒక సంగతి అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలిక. కొవ్వొత్తిలో మనకు కనిపించేది మైనం, కానీ పని చేసేది వత్తి. మంట వేడికి పైన మైనం కరిగి చిన్న గుంటలా నిలుస్తుంది, ఆ కరిగిన మైనాన్ని నూలు వత్తి పైకి పీల్చుకుంటుంది, పైకి వెళ్లాక అది ఆవిరై ఆ ఆవిరి మండుతుంది. మైనం మైనంగా మండదు. నమ్మకం కలగకపోతే మామూలు కొవ్వొత్తి వెలిగించి కొన్ని నిమిషాలు ఆగి ఊదేయండి, తెల్లటి పొగ తీగలా లేస్తుంది కదా, వెంటనే ఆ పొగకు అగ్గిపుల్ల మంట చూపించండి, వత్తిని తాకనక్కర్లేదు, మంట పొగ వెంబడి కిందికి దూకి వత్తిని అందుకుంటుంది. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1860 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు కొవ్వొత్తి మీదే వరుసగా ఉపన్యాసాలు ఇచ్చాడు, ఈ పొగ ప్రయోగం వాటిలోదే. మీ బాబుకూ చేసి చూపించండి, తన కొవ్వొత్తి ఎలా పనిచేస్తుందో వాడికి తెలుస్తుంది.

ఇప్పుడు జిగురు సంగతి చూడండి. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో ఉండేది నీళ్లు, మైనం నూనె జాతి, ఆరాక జిగురు పొరలా ఊడి వచ్చేస్తుంది. ఫెవిక్విక్ ఒక పూట పట్టినట్టే ఉంటుంది, తర్వాత చిన్న తాకిడికి టప్పున విడిపోతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది, ఆ జిగురు బొట్టు వత్తికి అంటిందంటే అక్కడ నూలు బిగుసుకుపోయి మైనం పైకి ఎక్కదు. మంట అక్కడిదాకా వచ్చి చిన్నబోయి ఆరిపోతుంది. పైగా ఆ జిగురు కాలితే వచ్చే ఘాటు పొగ కళ్లను, ముక్కును మండిస్తుంది. పిల్లాడి మొహం ముందు వెలిగే కొవ్వొత్తికి అది అసలే తగదు. మైనాన్ని మైనమే అతకాలి. రెండు ముఖాలూ కాస్త కరిగి, ఒకటిలో ఒకటి కలిసి గట్టిపడితేనే అది అతుకు. ఒక ముఖం మీద వేడి మైనం పోసి రెండోదాన్ని చల్లగా ఉండగానే ఆనిస్తే అది పైపై పట్టే, అతుకు కాదు. మా దగ్గర పనికి వచ్చిన కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు ఇదే.

అగ్గిపుల్ల, పళ్లపుల్ల, గుండుసూది లాంటివి మధ్యలో గుచ్చి రెండు ముక్కల్నీ నిలబెట్టమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. దయచేసి చేయకండి. పుల్ల అంటే మైనంలో నానిన చెక్క, మంట అక్కడికి చేరగానే అది రెండో వత్తిలా అంటుకుని మంట ఒక్కసారి పెద్దదవుతుంది. సూది అయితే వేడెక్కి చుట్టూ మైనాన్ని కరిగించి జారి కింద పడుతుంది. ఒకసారి ఒకాయన తన పెళ్లి నాటి కొవ్వొత్తిని పుల్లతో నిలబెట్టి, వెలిగించాక భయపడి నా దగ్గరికి తెచ్చాడు, కొవ్వొత్తి ఒక పక్కంతా కరిగి వత్తి బయటపడి ఉంది. చివరికి సగమే మిగిలింది.

ముందు సరంజామా. వంటకు మళ్లీ వాడని పాత చాకు ఒకటి, అంచు పలచగా ఉంటే మంచిది. పాత స్టీలు చెంచా. చిన్న స్టీలు గిన్నె, అది కూర్చునేంత పెద్ద గిన్నె. హెయిర్ డ్రయ్యర్ ఉంటే పని హాయిగా అవుతుంది. బటర్ పేపరు, రబ్బరు బ్యాండ్లు, తెల్ల నూలు దారం, మెత్తటి పాత కాటన్ గుడ్డ. ఇంకా మీ దానంతే లావున్న మామూలు తెల్ల కొవ్వొత్తులు రెండు కొనండి. ఒకటి సాధన కోసం. అవును, దాన్ని కావాలని విరిచి, మొదట దాని మీద చేయి తిప్పుకోండి, ఆ తర్వాతే బాబుదాన్ని ముట్టుకోండి. చాకు ఎంత వేడెక్కాలి, ఎంత సేపు నొక్కిపట్టాలి అన్నది మాటల్లో చెప్తే సగమే తెలుస్తుంది, మిగతా సగం వేళ్లకే తెలియాలి.

రెండో కొవ్వొత్తి ఎందుకంటే, దాని వత్తి మనకు కావాలి. దేవుడి దగ్గర దీపాల్లో వేసే దూది వత్తులు ఇక్కడ పనికిరావు, అవి వదులుగా ఉండి మైనాన్ని ఎక్కువగా పీల్చి పొగ చిమ్ముతాయి. మంచి కొవ్వొత్తిలో వత్తిని జడలా అల్లుతారు. 1820లలో ఫ్రాన్స్‌లో మొదలైన పద్ధతి ఇది, అల్లిక వల్ల కాలుతున్న కొన పక్కకు వంగి మంట అంచులో బూడిదై రాలిపోతుంది, మాటిమాటికీ కత్తిరించే బాధ తగ్గుతుంది. కొవ్వొత్తి లావుకు తగ్గ వత్తి ఉండాలి. సన్నదైతే కరిగిన మైనంలో మునిగి ఆరిపోతుంది, లావైతే మసి కొడుతుంది. అందుకే అంతే లావు కొవ్వొత్తి నుంచి తీసుకోమంటున్నాను.

మైనం మాత్రం బయటిది వద్దు. మీ కొవ్వొత్తి అడుగున, నిలబెట్టినప్పుడు కనిపించని చోట, చాకుతో పలచగా గీకండి. రెండు చెంచాల తురుము వస్తే మీ పనికి సరిపోతుంది. రంగు అదే, గట్టిదనం అదే, పైగా ఆ రోజు ఆశీర్వదించిన మైనం అదే. వేరే మైనం వేస్తే చల్లారేటప్పుడు రెండూ ఒకే తీరున ముడుచుకోవు, కొన్నాళ్లకు అతుకు వెంట వెంట్రుకవాసి బీట పడుతుంది. మీది తెలుపు కాబట్టి తేడా కనిపించదులే అనుకోకండి, తెలుపులో కూడా పాలతెలుపు, బూడిద తెలుపు, కాస్త పసుపు తిరిగిన తెలుపు అని ఉంటాయి, పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

మొదట పై విరుపు పని పట్టండి, కిందిది రెండో రోజు. వేలాడే ముక్కను అలాగే ఉంచి కిందిదాంతో కుస్తీ పడితే ఉన్న వత్తి కూడా తెగుతుంది.

కొవ్వొత్తిని బల్ల మీద పడుకోబెట్టి, పొడి టూత్‌బ్రష్‌తో విరిగిన ముఖాల మీద పొడి దులపండి. విరిగిన అంచులు ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చునే తీరు ఒకటే ఉంటుంది, ముందే చూసుకుని పక్కన పెన్సిల్‌తో సన్న గీత పెట్టుకోండి. తర్వాత డ్రయ్యర్‌ను జానెడు దూరంలో పెట్టి, విరిగినచోటికి అటూ ఇటూ రెండు మూడు నిమిషాలు వెచ్చబెట్టండి. కరగకూడదు, వేలితో నొక్కితే చల్లదనం పోయి కాస్త మెత్తగా తగలాలి, అంతే. వేడినీళ్లలో ముంచమని చాలామంది అంటారు. వంగిన కొవ్వొత్తికి అది మంచి ఉపాయమే కానీ విరిగి వత్తి బయటపడ్డదానికి కాదు, వత్తి నీళ్లు పీలిస్తే తర్వాత వెలిగినప్పుడు చిటపటలాడి మైనం చిందుతుంది.

ఇప్పుడు చాకును గ్యాస్ మంట మీద ఓ పది సెకన్లు పెట్టి, మసి ఉంటే గుడ్డతో తుడవండి. మసి తుడవకపోతే అతుకు చుట్టూ నల్లగీత పడుతుంది, అది మళ్లీ పోదు. విరుపును కొద్దిగా తెరిచి చాకును ఒక పక్క నుంచి వత్తిదాకా పోనివ్వండి, వత్తిని తాకకుండా ఆగండి. రెండు ముఖాలూ చాకుకు ఆనుతూ ఉండాలి. నూనె తళుకులాగా ముఖాలు మెరవగానే చాకు లాగేసి, వెంటనే నొక్కండి. మళ్లీ చాకు వేడి చేసి అవతలి పక్క నుంచి అదే పని. రెండో పక్క కూడా కలిశాక గట్టిగా, తిన్నగా, కదపకుండా రెండు నిమిషాలు పట్టుకోండి. ఇక్కడే అందరూ తొందరపడతారు. పైన గట్టిపడినట్టు కనిపిస్తుంది, లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది, అప్పుడు చేయి కదిలితే లోపల అతుకు విడిపోతుంది, అది బయటికి తెలియదు కూడా. ఆ తర్వాత బటర్ పేపరులో చుట్టి, ఒకే మందం ఉన్న రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి ఆ సందులో పడుకోబెట్టి, రాత్రంతా వదిలేయండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, ఒక్కసారిగా చల్లబడితే మైనం మళ్లీ బీటలు వారుతుంది.

రెండో రోజు కింది విరుపు. అసలు పని ఇదే.

మొదట ఒక లెక్క చెప్తాను. ఇంత లావు కొవ్వొత్తి గాలి లేనిచోట ఇంచుమించు గంటకు అంగుళం చొప్పున తరుగుతుంది. పూజలో పావుగంటో ఇరవై నిమిషాలో వెలుగుతుంది కాబట్టి అర అంగుళం కూడా తగ్గదు. కింది విరుపు మంటకు ఎనిమిది అంగుళాల దూరంలో ఉంది. అంటే వత్తి కలపకుండా మైనం ఒక్కటీ అతికించినా మొదటి సత్ప్రసాదానికి ఏ లోటూ రాదు. మీకు ధైర్యం చాలకపోతే అంతవరకే చేసి ఆపండి, తప్పేమీ లేదు. కానీ నన్నడిగితే వత్తి కూడా కలపండి. రేపు వాడి పెళ్లికి వెలిగిస్తారు, ఆ తర్వాత వాడి పిల్లలకు చూపిస్తారు, ఎప్పుడో ఒకప్పుడు మంట అక్కడిదాకా దిగవచ్చు. లోపల వత్తి తెగి ఉందన్న సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

తెగిన వత్తి కొనల్ని ముడి వేయలేం, రెండు ముక్కలూ ఆనించాక ముడికి పొడవు మిగలదు. కొనకు కొన తగిలించి వదిలేస్తే మధ్యలో మైనం దూరి ఎడం వస్తుంది. అందుకని మూడో ముక్క వేయాలి. రెండు ముక్కల్లోనూ, విరిగిన ముఖం నుంచి అంగుళంలో సగం పొడవున, పక్క నుంచి వత్తి కనిపించేదాకా సన్నటి గాడి తీయండి. వెడల్పు చింతగింజ అడ్డంకంటే ఎక్కువ వద్దు. కాల్చిన లావు సూదిని పట్టకారతో పట్టుకుని తీస్తే గాడి నున్నగా వస్తుంది, చాకుతో చెక్కితే అంచులు రాలతాయి. రెండు గాడులూ ఒకే వరుసలో ఉండాలి, అందుకే ముందుగా పెన్సిల్ గీత పెట్టుకోమన్నది.

మొదట మైనపు ముఖాల్ని నిన్నటి తీరునే వేడి చాకుతో కరిగించి అతికించండి. ఈసారి రెండూ విడి ముక్కలు కాబట్టి చాకు అడ్డంగా మొత్తం పెట్టొచ్చు, పని తేలిక. గాడి వైపు మాత్రం కరిగిన మైనం కారి వత్తిని కప్పేస్తే సూదితో తీసేయండి. గట్టిపడ్డాక చూస్తే గాడిలో పైనుంచి ఒక వత్తి, కిందినుంచి ఒక వత్తి, మధ్యలో తెగినచోటు కనిపిస్తాయి. కొన్న రెండో కొవ్వొత్తి నుంచి తీసిన వత్తిని అంగుళం పొడవు కత్తిరించి, గిన్నెలో కరిగిన మైనంలో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచండి. బుడగలంటే నూలులోని గాలి. అది పోయి మైనం పట్టాక తీసి, ఇంకా మెత్తగా ఉండగానే గాడిలో రెండు కొనల వెంబడి పడుకోబెట్టి సూదితో ఆనేలా నొక్కండి. వీలైతే నూలు దారం ఒక చుట్టు, పై వత్తికీ దీనికీ కలిపి, మళ్లీ కింది వత్తికీ దీనికీ కలిపి. గాడి ఇరుకుగా ఉండి దారం పోకపోతే వదిలేయండి, వత్తులు ఒకదానికొకటి పొడవునా ఆనుకుని ఉంటే చాలు, మైనం ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పాకుతుంది. నైలాన్ దారం, మిషన్ కుట్టే పాలియెస్టర్ దారం వద్దు, అవి కరిగి ముద్దవుతాయి.

తర్వాత చెంచాతో మైనం గాడిలో పోయండి. ఒకేసారి నింపకండి. కొవ్వొత్తి మైనం (పారాఫిన్) చల్లారితే ముడుచుకుంటుంది, నింపినచోట పావుగంటకే గుంట పడుతుంది. మళ్లీ కొంచెం, మళ్లీ కొంచెం, చివరికి ఒక పిసరు ఎత్తుగా ఉండేలా మూడు విడతలుగా పోయండి. పూర్తిగా చల్లారాక ఆ ఎత్తును చాకుతో సాపు చేసి, చెంచా వెనక భాగాన్ని వేడినీళ్లలో ముంచి తుడిచి అతుకు మీద గుండ్రంగా రుద్దండి, చివరగా కాటన్ గుడ్డతో. చేతి వెచ్చదనానికే మైనం మెరుపు తేరుతుంది. ఐదు నిమిషాలు రుద్దితే పక్కవాళ్లకు చూపించినా ఎక్కడ అతికిందో వెతుక్కోవాలి. మా షెడ్డులో అయితే కొవ్వొత్తి మొత్తాన్ని కరిగిన మైనంలో రెండు మూడు సెకన్లు ముంచి తీసి, వెంటనే చల్లటి నీళ్లలో ముంచేవాళ్లం, అద్దంలా మెరిసేది. మీ దాని మీద బంగారు రంగు సిలువ, పేరు, తేదీ అతికించి ఉన్నాయని రాశారు కాబట్టి ఆ పని మీకు వద్దు, వాటి మీద మైనం పొర పడితే మసకబారతాయి. డ్రయ్యర్ పెట్టేటప్పుడు కూడా ఆ భాగాన్ని గుడ్డతో కప్పండి.

గిన్నెలో మైనం కరిగించడం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే మీకు సలహా ఇచ్చినవాళ్లు బాణలిలో వేసి స్టవ్ మీద పెట్టమన్నారు. వద్దు. రెండు చెంచాల మైనమైనా సరే, పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, దాంట్లో చిన్న గిన్నె పెట్టి కరిగించండి. కొవ్వొత్తి మైనం సాధారణంగా 55, 60 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. నీళ్లు మరిగినా 100 దాటవు, కాబట్టి మైనం కూడా దాటదు. నేరుగా మంట మీద పెడితే ఆ హద్దు ఉండదు. నీళ్లలాగా మరిగి మనల్ని హెచ్చరించదు మైనం, నిశ్శబ్దంగా వేడెక్కుతూ పోయి, పొగలు కక్కి, 200 డిగ్రీలు దాటాక ఆవిరి అంటుకుంటుంది. నా కళ్లముందే ఒకసారి అయింది అది. కరెంటు పోయిందని మా అబ్బాయి దీపం వెతకడానికి లోపలికి వెళ్లాడు, స్టవ్ మీద గిన్నె అలాగే ఉంది, వచ్చేసరికి గిన్నె మీద మంట మోకాలెత్తు లేచింది. పెద్ద మూత తెచ్చి కప్పి గ్యాస్ కట్టేశాను, అంతే, ఆరిపోయింది. ఆ క్షణంలో పక్కనే ఉన్న బకెట్ నీళ్లు పోసి ఉంటే నీళ్లు అడుగుకు దిగి ఒక్కసారిగా ఆవిరై, మండే మైనాన్ని కప్పుదాకా చిమ్మేవి. మండుతున్న మైనం మీద నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. మూత చేతికి అందేలా పెట్టుకునే స్టవ్ వెలిగించండి, కరిగేదాకా అక్కడి నుంచి కదలకండి, బాబును వంటింట్లోకి రానివ్వకండి.

చేతి మీద వేడి మైనం పడితే పంపు కింద చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలు. టూత్‌పేస్టు, ఇంకు లాంటివి రాయకండి. పట్టుకుపోయిన మైనాన్ని చర్మంతో సహా పీకకండి, నీళ్ల కింద దానంతట అది వదిలినంతే తీయండి. బొబ్బలు పెద్దగా లేస్తే డాక్టరుకు చూపించాలి. మిగిలిన మైనాన్ని సింకులో పోయకండి, గొట్టంలో గడ్డకట్టి కూర్చుంటుంది.

ఇదే ఇబ్బందితో ఇంకొందరు కూడా ఉన్నారు కాబట్టి వాళ్లకు నాలుగు ముక్కలు. మీ కొవ్వొత్తి దాచుకునేది కాకుండా కరెంటు పోతే వెలిగించే మామూలుది అయితే ఇంత కష్టం అనవసరం, ఏ ముక్కకు ఆ ముక్క కొనలో మైనం చెక్కి అర సెంటీమీటరు వత్తి బయటపెట్టి విడిగా వెలిగించుకోండి. ఎండకు వంగినది అయితే, బెజవాడలో మే నెల 44, 45 డిగ్రీల్లో అలమరాలో నిలబెట్టినవి కూడా తల వాలుస్తాయి, గోరువెచ్చకంటే కాస్త ఎక్కువ వేడి నీళ్లలో పది నిమిషాలు పడుకోబెట్టి, బల్ల మీద అరచేతితో చపాతీ కర్రలా దొర్లిస్తే తిన్నగా అవుతుంది. గాజు గ్లాసులో పోసిన సెంటు కొవ్వొత్తి గ్లాసు బీటవారితే దాన్ని మాత్రం బాగుచేయాలని చూడకండి, వెలిగించకండి. వేడికి గాజు పగిలి మండే మైనం బల్ల మీద పారుతుంది.

మొత్తం నుజ్జయినవాళ్లు కరిగించి మళ్లీ పోసుకోవచ్చు. అచ్చు లేదని బెంగ వద్దు. మా చిన్నప్పుడు బొప్పాయి కాడే మా అచ్చు. లోపల గొట్టంలా ఉంటుంది కదా, జానెడు కోసి, ఒక కొనను మట్టిముద్దతో మూసి, మధ్యలో దారం వేలాడదీసి, కాలి మిగిలిన మైనాన్నంతా కరిగించి పోసేవాళ్లం. గట్టిపడ్డాక కాడను నిలువునా చీలిస్తే లోపల సన్నటి గీతలు పడ్డ తెల్లటి కొవ్వొత్తి. దాన్ని బయటికి తీసే ఆ క్షణం కోసమే ఇంత పనీ చేసేవాళ్లం. ఇప్పుడైనా ఇంట్లో చేయడానికి అంతకంటే మంచి అచ్చు నేను చూడలేదు, నూనె రాయనక్కర్లేదు, అంటుకోదు. వత్తి మాత్రం సరైనది వేయండి, నడిమధ్యలో నిలిచేలా పైన పుల్లకు కట్టండి, చల్లారాక వత్తి చుట్టూ గుంట పడితే మళ్లీ నింపండి. రంగు కోసం పిల్లల క్రేయాన్లు కలపకండి, వాటిలోని రంగుపొడి వత్తికి అడ్డుపడి మంట నిలవదు.

మళ్లీ మీ విషయానికి. గీకగా రాలిన పొడి, గుడ్డకు అంటిన ముక్కలు చెత్తబుట్టలో వేయడానికి మీకు మనసొప్పదని తెలుసు. ఆశీర్వదించినవాటిని కాల్చడమో, నేలలో పాతిపెట్టడమో కతోలికుల ఆచారం. పెరట్లో ఏ మొక్క మొదట్లోనో పాతండి, ఫ్లాటులో ఉంటే మీ ఫాదర్‌గారిని అడిగితే చర్చి ఆవరణలో చోటు చూపిస్తారు. కొత్తది కొనమన్న మీ బంధువులు తప్పు మాట అన్లేదు, ఏ కొవ్వొత్తి అయినా పాస్కా కొవ్వొత్తి (ఈస్టరుకు వెలిగించి చర్చిలో ఉంచే పెద్ద కొవ్వొత్తి) నుంచి వెలిగించుకోవచ్చు. కానీ ఇది ఆ రోజు వెలిగింది, వత్తి కొన ఆ రోజు నల్లబడింది. ఆ నల్ల కొనను కత్తిరించకుండా అలాగే ఉంచండి, మరీ పొడవుంటే తప్ప.

అతికించాక నిలబెట్టి దాచకండి. బటర్ పేపరులో చుట్టి, దాని మీద గుడ్డ చుట్టి, అలమరా కింది అరలో, పడుకోబెట్టి ఉంచండి. పై అరలో వేడి ఎక్కువ. పూజకు వారం ముందు ఒక్కసారి, రెండు నిమిషాలు వెలిగించి చూడండి. తొమ్మిదేళ్లు మూలన ఉన్న వత్తి మొదట కాస్త తడబడుతుంది, మైనం కరిగి గుంట కట్టాక మంట నిలబడుతుంది. ఆరిపోతే కంగారుపడకండి, కొన దగ్గర మైనం చెంచా కొనతో కాస్త తీసి మళ్లీ వెలిగించండి.

ఆ రోజు బాబు చేతికి ఇచ్చేటప్పుడు గట్టి కాగితం గుండ్రంగా కత్తిరించి, మధ్యలో రంధ్రం చేసి, పిడికిలికి పైన తొడగండి, కారిన మైనం వేళ్ల మీద పడదు. అడుగు నుంచి నాలుగు వేళ్ల ఎత్తులో విరిగిందన్నారు, తొమ్మిదేళ్ల పిల్లాడు కొవ్వొత్తి పట్టుకుంటే పిడికిలి సరిగ్గా అక్కడే పడుతుంది. ఆ అతుకును చుట్టి పట్టుకోమనండి, ఒక చేత్తో కాదు, రెండు చేతులతో.